మూలమట్టం మడత దగ్గరే తేలుతుంది

అందరికీ నమస్కారం. క్విల్టు, అంటే బట్టముక్కలు కలిపి కుట్టే బొంత, దాని కోసం బట్టను కొలతకు కత్తిరించడం గురించి మాట్లాడమన్నారు. రంగుల ఎంపిక గురించి అయితే ఈ గదిలో అందరూ ముందుకు వంగి వినేవారు. కోత అనగానే కొందరు అప్పుడే కుర్చీలో వెనక్కి వాలారు, చూశాను. (నవ్వులు)

కానీ "ఇది ఎందుకిలా వచ్చిందో చూడండి" అని నా ముందు పరిచే క్విల్టు పైపొరల్లో రంగుల వల్ల చెడినవి తక్కువ. నాలుగు ముక్కలు కలిసే చోట మూలలు కలవవు. నక్షత్రం మొనలు తెగిపోయి ఉంటాయి. నేల మీద పరిస్తే మధ్యలో ఉబ్బు, అంచుల్లో అల. ఇదంతా కుట్టు సరిగా రాకపోవడం వల్లే అనుకుని మిషన్‌ను తిడుతుంటారు. మిషన్ ఏం చేస్తుంది, మనం ఏ ముక్క పెడితే దాన్నే కుడుతుంది.

తరచుగా వినే మాట ఇంకొకటి ఉంది. "ఫరవాలేదులెండి, చివర్లో చుట్టూ కోసి చదరం చేసుకుంటాను." ఇవాళ నా గొడవంతా ఈ మాటతోనే. చివర్లో చుట్టూ కోస్తే బయటి అంచు తిన్నగా అవుతుంది, నిజమే. లోపలున్న ముక్కలు వంకరగా ఉంటే ఆ వంకర అలాగే ఉంటుంది. పైగా ఒక వైపు కుట్టు కోసం వదిలిన పావు అంగుళం కూడా ఆ కోతలోనే పోతుంది.

ముందు చిన్న లెక్క చూద్దాం. ఒక వరుసలో 12 ముక్కలున్నాయి. ఒక్కో ముక్క అంగుళంలో వీసం, అంటే పదహారో వంతు, ఎక్కువైంది. ఒక్క ముక్కను చేతిలోకి తీసుకుంటే ఆ తేడా కంటికి ఆనదు. పన్నెండు వీసాలు కలిస్తే ముప్పావు అంగుళం. కింది వరుస సరైన కొలతకు వచ్చిందనుకోండి, పై వరుస దానికన్నా ముప్పావు అంగుళం పొడుగు. రెండూ కలిపి కుట్టాలంటే పొడుగుదాన్ని కుచ్చులా నొక్కాలి, లేదా పొట్టిదాన్ని లాగాలి. మన చేతులు తెలియకుండానే ఆ రెండు పనులూ చేస్తాయి. ఉబ్బు, అల పుట్టేది అక్కడే.

రెండో సంగతి స్కేలుకు దొరకనిది. ఈ ముక్క చూడండి. నాలుగు వైపులా కొలిచాను, నాలుగూ 5 అంగుళాలే. అయినా ఇది చదరం కాదు. ఐమూలగా కొలిస్తే ఒక వైపు 7¼ అంగుళాలు, రెండో వైపు 6⅞. నిజమైన చదరమైతే రెండు ఐమూలలూ సమానంగా, ఏడు అంగుళాలకు ఒక నలుసు ఎక్కువగా ఉండాలి. ఇది పక్కకు ఒరిగిన ముక్క. దీని పక్కన మంచి చదరాన్ని పెట్టి కుడితే కుట్టు తిన్నగానే వస్తుంది, రెండో కుట్టూ తిన్నగానే వస్తుంది, మూడోదాని దగ్గర ఇరుక్కుపోతాం. అందుకే వైపులు కొలిచి ఊరుకోవద్దు. ఐమూలలు రెండూ కొలవండి. దీనికి కొత్త పరికరమేమీ అక్కర్లేదు, అర నిమిషం చాలు.

అది ఎందుకు ఒరిగిందో తెలియాలంటే నేత గురించి చెప్పుకోవాలి. పడుగు దారాలు మగ్గం మీద బిగించి ఉంటాయి, పేక వాటి మధ్య అడ్డంగా నడుస్తుంది. బిగింపులో ఉండి ఉండి పడుగు పెద్దగా సాగదు. పేక కొంచెం సాగుతుంది. రెండింటికీ ఐమూలగా, 45 డిగ్రీల్లో లాగితే బట్ట బాగా సాగుతుంది, ఎందుకంటే అక్కడ లాగుడును పట్టుకునే దారమే లేదు, నేతలోని గళ్లు పక్కకు వాలిపోతాయి. అందరి ముందూ ఒక్కో గుడ్డముక్క ఉంది కదా, తీసి లాగి చూడండి. నేత అంచు, అంటే మగ్గం మీదే వచ్చే గట్టి పక్క అంచు, దాని వెంబడి లాగండి. ఇప్పుడు అడ్డంగా. ఇప్పుడు మూల నుంచి మూలకు... తెలిసింది కదా? ఆ సాగిన ముక్కను బల్ల మీద పెట్టండి. మళ్లీ యథాస్థితికి పూర్తిగా రాలేదు. నేను చూపించిన ముక్క అలా తయారైందే.

కాబట్టి ఏ ముక్కకైనా బయటి అంచులు దారం వెంబడి ఉండాలి. ఐమూల అంచు తప్పనిసరైతే అది బ్లాక్, అంటే ముక్కలు కలిపి కుట్టిన ఒక చదరం, దాని లోపలికి పోవాలి, పక్క ముక్క దాన్ని పట్టి ఉంచుతుంది. బ్లాక్ చుట్టూ నాలుగు వైపులా ఐమూల అంచులుంటే దాన్ని ఎత్తి పక్కన పెట్టినా ఆకారం మారిపోతుంది.

ఉతకడం, ఇస్త్రీ సంగతి త్వరగా చెప్పేస్తాను, దీని మీద వాదనలకు అంతుండదు. నూలు బట్ట మొదటి ఉతుకులో కుదించుకుంటుంది. ముందే ఉతుకుతారా, ఉతకరా మీ ఇష్టం. ఒకే క్విల్టులో ఉతికినవీ ఉతకనివీ కలపకండి, అంతే. ఇస్త్రీ పెట్టెను బట్ట మీద జరపకండి, పెట్టండి, ఎత్తండి, పక్కన పెట్టండి. జరిపితే, ముఖ్యంగా ఆవిరి పట్టి జరిపితే, మీ చేతులతో మీరే బట్టను ఐమూలగా లాగినట్టు. గంజి మాత్రం నేను గట్టిగా సిఫారసు చేస్తాను. కోతకు ముందు పట్టించి పూర్తిగా ఆరనిస్తే, సాగే బట్ట కూడా కోసేటప్పుడు చెప్పినచోట నిలబడుతుంది. కోసిన తర్వాత ముక్కలకు గంజి పెడితే లాభం కన్నా నష్టమే ఎక్కువ, తడికి ముక్క ఆకారం మారుతుంది.

ఇక అసలు చోటికి వద్దాం. మడత.

బట్టను సగానికి మడిచి, రెండు నేత అంచులూ ఒకదాని మీద ఒకటి వచ్చేలా రెండు చేతులతో పట్టుకుని భుజాల ఎత్తుకు లేపండి. మడత కింద వేలాడుతుంది. చూడండి, ఇక్కడ ఏటవాలుగా ముడతలు పడుతున్నాయి. అంటే ముందు పొర, వెనుక పొర ఒకదానితో ఒకటి సరిపడలేదు. నేత అంచులు జతగానే ఉంచి, ముందు పొరను కొద్దిగా కుడికి జరుపుతున్నాను. ముడత ఎక్కువైంది, అంటే అటు కాదు. ఎడమకు... ఇంకొంచెం... అదిగో, మడత బిగించిన తాడులా నిటారుగా నిలిచింది. ఇప్పుడు ఈ చివర చూడండి, బట్టను తాను నుంచి కోసినప్పటి అంచు. పై పొరా కింది పొరా అంగుళం దాకా కలవడం లేదు. ఇక్కడే చాలామందికి చేయి ఆగదు, ఆ చివరలను కలపడానికి లాగేస్తారు. లాగకండి. ఆ చివర ఎలా కోశారో మనకు తెలియదు, దానికి మనం ఏ గౌరవమూ ఇవ్వనక్కర్లేదు. నమ్మాల్సింది నేత అంచునూ, ముడత లేని మడతనూ.

మడత మీ వైపు ఉండేలా మ్యాట్, అంటే కోతకు కింద వేసే గళ్ల పలక, మీద పరచండి. చిన్న చదరపు స్కేలు ఒక అంచును మడత మీద సరిగ్గా ఆనించండి. దాని పక్కకు పొడవు స్కేలును తాకించి పెట్టండి. చదరపు స్కేలు తీసేయండి, పొడవు స్కేలు వెంబడి కోయండి. ఆ వంకర చివర పోయి, మడతకు మూలమట్టంగా, అంటే 90 డిగ్రీల్లో, కొత్త అంచు వచ్చింది. ఇక ముందు ప్రతి కొలతా ఈ అంచు నుంచే.

ఈ ఒక్క కోత తప్పితే ఏమవుతుంది? స్కేలు మడతకు ఒక్క డిగ్రీ వాలిందనుకోండి. పట్టీ కోసి విప్పితే మడత దగ్గర రెండు డిగ్రీల వంపు కనిపిస్తుంది, ఎందుకంటే రెండు పొరలూ ఎదురెదురుగా చెరో డిగ్రీ వాలాయి. 44 అంగుళాల పన్నా బట్టలో సగం 22 అంగుళాలు. ఒక డిగ్రీకి ఆ చివర ⅜ అంగుళం పక్కకు పోతుంది. పట్టీ వెడల్పు ఎక్కడ కొలిచినా 2½ అంగుళాలే ఉంటుంది, పట్టీ మాత్రం నడుము దగ్గర విరిగి ఉంటుంది. పొడవు స్కేలు అందడం లేదని బట్టను నాలుగు పొరలుగా మడిచేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రెండో మడత మొదటి మడతకు సమాంతరంగా లేకపోతే పట్టీ ఒక చోట కాదు, మూడు చోట్ల విరుగుతుంది. అందుకని మొదటి పట్టీని కోసిన వెంటనే విప్పి, దాని పక్కన స్కేలు పెట్టి చూడండి. తిన్నగా ఉంటే కొనసాగండి. ప్రతి మూడు నాలుగు పట్టీలకొకసారి మళ్లీ మడతకు మూలమట్టం చూసుకోండి. స్కేలు ప్రతిసారీ ఒక వెంట్రుకవాసి జరుగుతుంది, అవన్నీ ఒకే దిక్కున పోగవుతాయి.

పరికరాల మాటకొస్తే, జపాన్‌కు చెందిన ఓల్ఫా కంపెనీ 1979లో రోటరీ కట్టర్, అంటే చక్రంలా తిరిగే గుండ్రటి బ్లేడున్న కత్తి, తెచ్చింది. దుస్తులు కుట్టేవారి కోసం చేసిన వస్తువు అది, క్విల్టు కుట్టేవాళ్లు దాన్ని తమదిగా చేసుకున్నారు. అంతకు ముందు అట్టముక్క పెట్టి, పెన్సిలుతో గీసి, ఒక్కో ముక్కనూ కత్తెరతో కోసేవారు. ఇప్పటికీ అలా కోసేవాళ్లు ఇక్కడ ఉంటే ఏమీ తక్కువ అనుకోకండి. అట్ట అంచులు అరగకుండా చూసుకోండి, గీతకు లోపలి పక్క కోయండి, పెన్సిలు ములికి సన్నగా ఉంచండి. మొద్దు పెన్సిలు గీతకు కూడా వెడల్పు ఉంటుంది, ఆ వెడల్పు ముక్కకు చేరుతుంది.

కట్టరుతో కోసేవాళ్లకు నాలుగు మాటలు. మామూలు పనికి 45 మిల్లీమీటర్ల బ్లేడు సరిపోతుంది. బ్లేడు స్కేలుకు ఆనుకుని నిటారుగా నడవాలి, పక్కకు వాలితే కింది పొర కొలత వేరు, పై పొర కొలత వేరు అవుతుంది. నాలుగు పొరలకు మించి ఒకేసారి కోయకండి. కోతలో అక్కడక్కడా ఒకే దూరంలో దారాలు తెగకుండా మిగిలిపోతుంటే బ్లేడుకు గంటు పడిందని అర్థం. మీద పడి నొక్కినంత మాత్రాన తెగవు, మార్చేయండి. నొక్కేకొద్దీ స్కేలు జారుతుంది. ఎడమ చేయి స్కేలు మీద వేళ్లు పరిచి ఉండాలి, ఏ వేలూ అంచు దాటి బయటకు రాకూడదు. పొడవు కోతలో సగం దాకా వచ్చాక కట్టరు ఆపి, బట్ట మీద నుంచి లేపకుండా, ఎడమ చేతిని పైకి జరుపుకుని మళ్లీ మొదలుపెట్టండి. ఎప్పుడూ మీ ఒంటికి దూరంగా కోయాలి. కట్టరు కింద పెట్టే ప్రతిసారీ బ్లేడు మూయాలి. ఇది మర్యాదకు చెప్పడం లేదు, ఆ బ్లేడు బట్టకూ వేలికీ తేడా చూడదు.

కొలవడానికి మ్యాట్ మీది గళ్లు వాడకండి. అవి బట్టను దాదాపుగా పరచుకోవడానికి పనికొస్తాయి. కొలత స్కేలుతోనే. ఆ స్కేలు కూడా మొదలు నుంచి చివరి దాకా ఒకటే ఉండాలి. వేర్వేరు కంపెనీల స్కేళ్ల గీతలు సన్నగా, లావుగా ఉంటాయి, వాటి మధ్య వెంట్రుకవాసి తేడాలుంటాయి. బట్ట అంచు గీత కింద ఉండాలా, గీత పక్కన ఉండాలా అని అడుగుతారు. గీత కింద, అంటే గీత బట్ట అంచును కప్పేలా పెట్టమంటాను. మీకు రెండోదే అలవాటైతే మానుకోనక్కర్లేదు, మధ్యలో మార్చకండి. అంగుళాల కొలత నమూనాను సెంటీమీటర్ల స్కేలుతో కోయబోకండి. పావు అంగుళమంటే 6.35 మిల్లీమీటర్లు, దాన్ని 6 అనో 7 అనో సర్దుకుంటూ పోతే ఇందాక చెప్పిన పన్నెండు వీసాల కథే.

కుట్టు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి, లేకపోతే దాని నేరం కోత మీద పడుతుంది. 1½ అంగుళాల వెడల్పు పట్టీలు మూడు కోసి, పక్కపక్కన కుట్టి, కుట్లను ఒక వైపుకు ఇస్త్రీ చేయండి. మధ్య పట్టీ కచ్చితంగా 1 అంగుళం ఉండాలి. మొత్తం 3½. మధ్యది తక్కువ వచ్చిందంటే మీరు కుట్టేది పావు అంగుళం కన్నా ఎక్కువ. దారం లావూ, బట్ట మడత తిరిగే చోటూ కొంత మింగేస్తాయి కాబట్టి, పావు అంగుళానికి ఒకటి రెండు దారాలు లోపలగా కుడితేనే చాలామందికి లెక్క సరిపోతుంది.

ఇప్పుడు మీలో కొందరు అడగబోయేది నాకు తెలుసు. "చివర్లో కోయొద్దంటారు, మరి త్రికోణాలను పెద్దగా కుట్టి తర్వాత కోయమని మీరే చెబుతారు కదా?" చెబుతాను. రెండూ ఒకటి కాదు.

రెండు త్రికోణాలు కలిసి ఒక చదరమయ్యే ముక్కనే తీసుకుందాం. కుట్టాక 4 అంగుళాలు రావాలంటే 4⅞ అంగుళాల చదరాలు కోయమంటారు. ఆ ఎనిమిదింట ఏడు ఎక్కడిది? త్రికోణానికి మూడు వైపులా పావు అంగుళం కుట్టుకు వదలాలి. లంబకోణం దగ్గర ఒక పావు చాలు. కానీ 45 డిగ్రీల మొన దగ్గర బట్ట వాలుగా సాగి పోతుంది కాబట్టి అక్కడ పావుకు రెండున్నర రెట్ల దాకా కావాలి. అంతా కలిపితే అంగుళంలో 0.854 వంతు వస్తుంది. స్కేలు మీద దానికి దగ్గరి గీత ⅞. అంటే ఈ కొలతలోనే చిటికెడు అదనం ముందే ఉంది. నేనైతే దాన్ని ఇంకొంచెం పెంచి నిండు 5 అంగుళాల చదరాలు కోస్తాను. రెండు చదరాల మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, ఐమూల గీత గీసి, గీతకు రెండు పక్కలా పావు అంగుళం దూరంలో కుట్టి, గీత మీద కోస్తే రెండు ముక్కలొస్తాయి. ఒక్కొక్కటి 4⅝ దాకా ఉంటుంది. స్కేలు మీది 45 డిగ్రీల గీతను కుట్టు మీద ఉంచి, చుట్టూ కుట్టుకు వదిలే పావు అంగుళం కలిపి 4½ కు కోస్తాను. తీసేది చుట్టూ సన్నని పోగు మాత్రమే.

తేడా గమనించారా? ఇక్కడ ఎంత కోయాలో కుట్టక ముందే తెలుసు, కోయడానికి ఆధారం కుట్టే. ఐమూల కుట్టు మిషన్ కింద ఎలాగూ కొంచెం సాగుతుంది, అందుకే ముందుగా చోటు ఉంచుకున్నాం. చివర్లో చూద్దాం అనుకునేవాళ్ల దగ్గర ఎంత కోయాలో ఎవరికీ తెలియదు, దేన్ని ఆధారంగా పట్టుకోవాలో కూడా తెలియదు.

పూర్తయిన బ్లాక్‌కూ ఇదే వర్తిస్తుంది. 12½ అంగుళాలు రావాల్సిన బ్లాక్ ఉంది. పెద్ద చదరపు స్కేలు తీసుకుని, బ్లాక్ నడిమధ్య బిందువు మీద స్కేలులోని 6¼, 6¼ గీతలు కలిసే చోటు ఉంచండి. 45 డిగ్రీల గీత బ్లాక్ ఐమూల మీద పడాలి. నక్షత్రం మొనలకు బయట పావు అంగుళం బట్ట మిగులుతోందో లేదో చూడండి. అది మిగలకపోతే కోయకండి, అక్కడితో ఆగిపోండి. మిగిలితే పై అంచు, కుడి అంచు కోసి, బ్లాక్‌ను తిప్పి మిగతా రెండూ కోయండి. ఒక మూల నుంచి మొదలుపెట్టి కోసుకుంటూ పోతే తప్పంతా అవతలి మూలలో పోగవుతుంది, మధ్య నుంచి కొలిస్తే నాలుగు వైపులా పంచుకుంటుంది.

పన్నెండు బ్లాకుల్లో ఒకటి 12¼ వచ్చిందనుకోండి. మిగతా బ్లాకులన్నిటినీ 12¼ కు కోసేయడం ఒక దారి, చాలామంది ఎంచుకునే దారి. అది చేసే ముందు కుట్లు వెనక్కి తిప్పి చూడండి. ఎక్కడో ఒక కుట్టు పూర్తిగా తెరుచుకోకుండా ఇస్త్రీలో మడత పడి ఉంటుంది. సరిచేయడానికి ఇస్త్రీ పెట్టె చాలు, పదకొండు మంచి బ్లాకులను పాడుచేయక్కర్లేదు.

అంచు పట్టీలు చెప్పి ప్రశ్నలకు వస్తాను. పైపొర కుట్టడం అయ్యాక అంచుల పొడవు కొలిచి, అంత పట్టీ కోసి కుడతారు. అంచు చేతుల్లో ఎక్కువ నలిగి సాగి ఉంటుంది, దానికి సరిపడా పట్టీ కోస్తే ఆ సాగుడును శాశ్వతం చేసినట్టే. పైపొర మధ్యగా కొలవండి, మధ్యకు రెండు పక్కలా ఇంకో రెండు చోట్ల కొలవండి, సగటు తీసుకుని పట్టీలు రెండూ అదే పొడవుకు కోయండి. పట్టీ మధ్యనూ, పైపొర మధ్యనూ పిన్నుతో కలిపి, చివరలు కలిపి, మిగతాది సర్దుతూ కుట్టండి. ఆ తర్వాత ఐమూలలు రెండూ కొలిస్తే సమానంగా ఉండాలి.

ప్రశ్న: బట్ట మీద అచ్చు గీతలున్నాయి. అవి నేత దారాలతో కలవడం లేదు. దేని ప్రకారం కోయాలి?

చిన్న ముక్కలైతే గీతల ప్రకారం కోయండి. రెండున్నర అంగుళాల ముక్కలో వంకర గీత వెంటనే కంట్లో పడుతుంది, కొంచెం ఏటవాలు నేత ఎవరికీ కనపడదు. గంజి ఎక్కువ పెట్టుకోండి. ఆ ముక్కలు బయటి అంచుల్లోకి రాకుండా చూసుకోండి. పెద్ద అంచు పట్టీలకు మాత్రం నేత ప్రకారమే, గీతలు వాలినా సరే. వాలడం మరీ ఎక్కువైతే ఆ బట్టను అంచులకు వాడొద్దు.

ప్రశ్న: కోయడానికి బదులు చింపితే దారం వెంబడే తిన్నగా వస్తుంది కదా, ఇంత శ్రమ ఎందుకు?

దారం వెంబడి వస్తుంది, నిజం. వెనుక గుడ్డకు నేను కూడా చింపుతాను, పొడవాటి అంచు పట్టీలకు కొన్నిసార్లు చింపుతాను. కానీ చింపిన చోట అంచు పొడవునా సాగి అలలా లేస్తుంది, కొన్ని దారాలు బయటకు లాగబడి లోపల నేత వదులవుతుంది. దాన్ని ఇస్త్రీ చేసి, పాడైన మేర మళ్లీ కట్టరుతో కోయాలి, అందుకని ముందే వెడల్పు ఎక్కువ ఉంచుకోవాలి. రెండున్నర అంగుళాల ముక్కల కోసం చింపారనుకోండి, పాడైనదంతా కోసేశాక మీ చేతిలో మిగిలేది దారాలే. (నవ్వులు)